చిలికా నీళ్లలో ఒక రోజు

పలాసలో జీడిపప్పు పొట్లం కట్టించుకుని పొద్దున్నే రైలెక్కితే, ఇచ్ఛాపురం దాటగానే ఊళ్ల పేర్లు ఒడియా లిపిలోకి మారిపోతాయి. బరంపురం, ఛత్రపురం, గంజాం, ఉప్పుమడుల హుమ్మా... ఆ తర్వాత కుడివైపు కిటికీలోంచి చూస్తే నేల అయిపోతుంది. అక్కణ్నుంచి అంతా నీళ్లే. సముద్రం కాదు, నది కాదు. రంభ స్టేషన్లో దిగిన శ్రీకాకుళం ప్రయాణికుడికి చిలికా మొదట అలాగే కనిపిస్తుంది, ఏ పేరు పెట్టాలో తెలియని నీళ్లలా!

ఆసియాలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సుల్లో చిలికా ఒకటి. ఎండాకాలంలో 900 చదరపు కిలోమీటర్లు, వానలు దంచి కొడితే 1,165 దాకా పరుచుకుంటుంది. పొడవు 64 కిలోమీటర్లు. మన దేశం నుంచి 1981లో రామ్‌సర్ ఒప్పందం జాబితాకెక్కిన మొదటి రెండు చిత్తడి నేలల్లో ఇదొకటి. రెండోది భరత్‌పూర్. ఈ సంగతులన్నీ టూరిజం కరపత్రాల్లో ఉంటాయి. ఉండనిది ఒకటుంది.

ఈ రంభ ఒకప్పుడు మన జిల్లాయే! మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, రంభ... అన్నీ గంజాం జిల్లా. జిల్లా సరిహద్దు సరస్సులోంచే వెళ్లేది. ఈ ఒడ్డు మద్రాసు వాళ్లది, పూరీ వైపు ఒడ్డు అవతలి ప్రభుత్వానిది. గంజాం కలెక్టరు స్నోడ్‌గ్రాస్ 1790ల్లో కట్టించుకున్న కోట రంభ ఒడ్డున ఇప్పటికీ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేసరికి గంజాం రెండు ముక్కలైంది. రంభ అటు వెళ్లింది, శ్రీకాకుళం ఇటు మిగిలింది. గీత కాగితం మీద గీశారు. నీళ్ల మీదా, వలల మీదా గీయడం ఎవరికి సాధ్యం?

గెడ వేస్తే నేల

రంభ రేవులో పడవ కుదుర్చుకునేటప్పుడు బేరం తప్పదు. ఎక్కే ముందే ఏయే దీవులు చూపిస్తారో, ఎన్ని గంటలు తిప్పుతారో తేల్చుకోవడం మంచిది. చాలావాటికి డీజిల్ ఇంజన్లే. కానీ చెక్క పడవల అడుగు చూడండి, బల్లపరుపుగా ఉంటుంది. చిలికా విస్తీర్ణంలో ఎంత పెద్దదో లోతులో అంత చిన్నది. చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లే. గెడ వేస్తే నేల తగులుతుంది. అడుగు లోతుగా ఉన్న పడవ ఇక్కడ బురదలో కూరుకుపోతుంది.

ముందు బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. రాళ్లగుట్ట మీద పాడుబడిన చిన్న కట్టడం, దాని మీద ఎప్పుడూ ఓ పక్షి. ఫొటో తీసుకుని కదిలిపోవచ్చు. తర్వాతది బర్కుడా. టూరిస్టులకు ఇది హనీమూన్ ఐలాండ్. పేరు చూసి మురిసిపోకండి, ఈ దీవి గొప్పతనం వేరే ఉంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తొలి డైరెక్టరు నెల్సన్ అన్నండేల్ ఇక్కడ కాళ్లు లేని ఓ నలికిరిని కనిపెట్టి 1917లో లోకానికి చెప్పాడు. పాములా ఉంటుంది, కానీ పాము కాదు. దానికి ఈ దీవి పేరే పెట్టాడు, బర్కుడియా అని.

దీవుల మధ్య దారిలో నీళ్లలో వెదురు కర్రలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. వాటిని ఆనుకుని వలలు, చివర్న మావులు. కొత్తవాళ్లకు అంతా ఒకటే నీరు. ఇక్కడివాళ్లకు మాత్రం ప్రతి మడుగుకూ ఒక పేరు, ఒక హక్కుదారు ఉన్నారు. దడి కట్టి చేపలు పట్టే చోటు ‘జానో’. వల విసిరే చోటు ‘బహనీ’. లోతు తక్కువ చోట్లకు ‘ఉఠాపానీ’ అని పేరు. రొయ్యల చోట్లకు ‘ఖటి’. ఎవరు ఎక్కడ పట్టాలో, ఎప్పుడు పట్టాలో కులాల వారీగా తరాల నుంచీ వస్తున్న కట్టుబాటు. కేవటులది వలల పని, కండరాలది పీతల వేట. ఇలా సాగే ఆ వరసలో మన మాట మాట్లాడే వాళ్లొకరున్నారు.

ఇంట్లో తెలుగు, బయట ఒడియా

వాళ్లను ఒడిశాలో ‘నోలియాలు’ అంటారు. వాళ్లను వాళ్లు చెప్పుకునేది వాడబలిజలమనీ, జాలారులమనీ. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఉన్నవాళ్లే, తెప్పల మీద ఉత్తరానికి సాగి గోపాల్‌పూర్ దగ్గరా, చిలికాకూ సముద్రానికీ మధ్యనున్న ఇసుకదిబ్బ మీదా, అక్కణ్నుంచి పూరీ దాకా పాకలు వేసుకున్నారు. పూరీలో పెంఠకొట పేట అలా పుట్టిందే. ఒకప్పుడు కోసు టోపీ పెట్టుకుని, సముద్రస్నానానికి దిగిన యాత్రికుల చెయ్యి పట్టుకుని అలలు దాటించినవాళ్లూ వీళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండూ కలిసిన ఆ మాట వింటే సోంపేట వాళ్లకు సగం సొంతంగానూ సగం వింతగానూ ఉంటుంది. అలలకు ఎదురెళ్లి సముద్రంలో వేటాడటం వీళ్ల విద్య. సరస్సులో గెడ వేసేవాళ్లది మరో విద్య. ఇద్దరినీ కలిపేది ఒక్కటే, సముద్రపు మొగ.

ఆ మొగే 1990ల్లో పూడుకుపోయింది. నదులు తెచ్చిన ఒండ్రు ఒకవైపు, కెరటాలు తోసిన ఇసుక ఇంకోవైపు. ఉప్పు తగ్గి సరస్సు నిండా కలుపు పెరిగింది. సముద్రంలోంచి రావాల్సిన చేపపిల్ల లోపలికి రాలేకపోయింది. 1999-2000లో పట్టుబడి 1,700 టన్నులకు పడిపోయింది. చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ 2000 సెప్టెంబరు 23న సాతపడ దగ్గర ఇసుకదిబ్బను తెగ్గొట్టి కొత్త మొగ తెరిచింది. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. రెండేళ్లలోపే పట్టుబడి దాదాపు 12 వేల టన్నులు! 2002లో ఈ పనికి రామ్‌సర్ అవార్డు కూడా దక్కింది.

అయితే నీళ్లు బాగుపడినంత తేలిగ్గా నీళ్ల మీది తగవులు బాగుపడలేదు. రొయ్యకు డాలర్లు రావడం మొదలయ్యాక, తరాలుగా వల తెలియనివాళ్లు కూడా సరస్సులో దిగారు. వెదురు దడులు, వలలు కట్టి ‘ఘేరీ’లు లేచాయి. 1991-92లో ఓ పెద్ద రొయ్యల ప్రాజెక్టును మత్స్యకారులు, విద్యార్థులు కలిసి అడ్డుకున్నారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగు వద్దంది. అయినా ఘేరీలు పోలేదు. వాటిని మత్స్యకారులే వెళ్లి కూల్చారు. ఆ గొడవలో 1999 మే 29 రాత్రి సోరానా గ్రామంలో పోలీసు కాల్పులకు నలుగురు చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం ఘేరీలు తీయించడం, అవి మళ్లీ మొలవడం ఎన్నోసార్లు జరిగాయి. పడవలోంచి చూస్తే దడి దడిలాగే ఉంటుంది. ఏది తాతలనాటిదో, ఏది కబ్జాయో టూరిస్టుకు తెలియదు. సరంగుకు తెలుస్తుంది.

పెళ్లికూతురు దేవతైంది

మధ్యాహ్నం రోడ్డు మీద బర్కుల్ వెళ్లి పడవ మారితే కాళీజాయి దీవి. పెళ్లై అత్తారింటికి పడవలో బయల్దేరిన జాయి అనే పిల్ల తుఫానులో మునిగిపోయిందనీ, శవమైనా దొరకలేదనీ, ఆమే ఇక్కడ వెలిసిందనీ కథ. పడవవాళ్లు ఆమెకు మొక్కకుండా ఈ దారిన వెళ్లరు. మకర సంక్రాంతికి పెద్ద జాతర. పారికుడ్ దీవుల్లో ఉన్నవాళ్లకు ఇది కథే కాదు. పెళ్లికైనా పురిటికైనా, నీళ్లు దాటడమంటే గాలిని అడిగి వెళ్లడమేనని పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఒక్క రోజులో అన్నీ చూసేద్దామనుకుంటే నిరాశే మిగులుతుంది. ఇరావతి డాల్ఫిన్లు ఎక్కువగా కనిపించేది పూరీ వైపున్న సాతపడలో. వాటికోసం ఇంకో ప్రయాణం పెట్టుకోవాలి. వలస పక్షుల నలబన దీవి వానాకాలంలో నీట మునిగిపోతుంది. డిసెంబరు, జనవరిల్లో దూరం నుంచే చూడనిస్తారు, దగ్గరికి పోనివ్వరు. అది మంచిదే. ఇచ్ఛాపురం నుంచి రంభకు రోడ్డు మీద రెండు గంటల్లోపే. పడవ ఎక్కేవాళ్లు లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోవాలి. మార్చి దాటాక మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున గంపల్లో పీతలు, పండుగప్పలు, రొయ్యలు అమ్ముతుంటారు. ఒడియా రాకపోయినా ఫర్వాలేదు, తెలుగులోనే బేరమాడి చూడండి.