ఆలస్యానికి కారణం

మా ఊరు ఇల్లందు. పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది ఇక్కడే. సరిగ్గా నూరేళ్లకు, 1989లో, మా నాయన బాయి పనిలో చేరాడు. మొదట తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపాడు. ముప్పై నాలుగేళ్లు సైరన్ కూత ప్రకారమే తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు. ‘లేటుగ పోతే మస్టర్ పడదు. మస్టర్ పడకపోతే ఆ దినం మనం లేనట్టే లెక్క’ అనేవాడు.

అలాంటి మనిషి తరఫున 2025 మార్చిలో నేను ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాయాల్సి వచ్చింది. ‘ఆలస్యమైంది, మన్నించండి’ అని!

సంగతేమిటంటే, నాయన 2023 మార్చిలో రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులో చాలా వరకు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాం. అప్పట్లో పన్ను కట్టాల్సినంత ఆదాయం లేని పెద్దవాళ్లు ఏటా 15హెచ్ ఫారం ఇస్తే బ్యాంకు వడ్డీలో పన్ను పట్టుకునేది కాదు. ఆ సంగతి నాకు తెలియదు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే నేను, ఇంటి లెక్క దగ్గర బోల్తా పడ్డాను. ఆ ఏడాది ఇరవై మూడు వేల చిల్లర పన్ను కింద పోయింది. అది తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. గడువు 2024 జూలై 31.

జూన్‌లో నాయన అడిగాడు. ‘ఆ కాయితం సంగతి ఏం జేసినవ్ రా?’ ఇంకా టైముంది నాయనా అన్నాను. జూలైలో మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. ముందు ఖమ్మం, అక్కణ్నుంచి హైదరాబాద్. నలభై రోజులు ఆస్పత్రి వరండాలే మా ఇల్లు. ఇక రిటర్ను ఎవరికి గుర్తుంటుంది?

గడువు దాటాక కూడా డిసెంబరు 31 దాకా వేసుకోవచ్చు. ఆసారి దాన్ని 2025 జనవరి 15 వరకు పొడిగించారు కూడా. ఆ వార్త నేను పేపర్లో చదివాను. పండగ పోయాక చూద్దాంలే అనుకున్నాను. గడువు కనుమ నాడే ముగిసింది. నాకు గుర్తొచ్చేసరికి ఫిబ్రవరి.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు ఆశ్చర్యపోయాడు. ‘ముందే టైము అడగాల్సింది గదా అన్నా’ అన్నాడు. అక్కడ ఏప్రిల్ 15 లోపు 4868 నంబరు ఫారం పంపితే చాలట. కారణం చెప్పకుండానే అక్టోబరు 15 వరకు గడువు దొరుకుతుంది. పన్ను మాత్రం ఏప్రిల్‌లోనే కట్టాలి, కాగితాలకే ఆ వెసులుబాటు. మన దగ్గర ఒక్కరికోసం ముందుగా ఇచ్చే గడువు లేదు. ఇస్తే ప్రత్యక్ష పన్నుల బోర్డు అందరికీ కలిపి ఇస్తుంది. 2025లో జూలై 31 గడువును సెప్టెంబరు 15కి, ఆఖర్న ఇంకొక్క రోజు కలిపి 16కి మార్చింది అలాగే.

మరి మాలాంటివాళ్లకు దారేది? కొత్తగూడెంలో ఒక ఆడిటర్ గారు చెప్పారు. అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి చట్టంలో 119(2)(బి) అని ఒక సెక్షన్ ఉంది. నిజమైన ఇబ్బంది వల్ల ఆలస్యమైందని రుజువు చేసుకుంటే, గడువు దాటిన రిటర్నునూ తీసుకోమని పై అధికారి ఆదేశించవచ్చు. కోటి రూపాయల లోపు సంగతైతే ప్రిన్సిపల్ కమిషనర్ చూస్తారు. 2024 అక్టోబరు 1న వచ్చిన సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంటు సంవత్సరం ముగిశాక ఐదేళ్ల లోపు అడగాలి. వీలైనంత వరకు ఆరు నెలల్లో తేల్చాలి. ఇలా వచ్చే డబ్బుకు వడ్డీ మాత్రం ఉండదు.

ఆ రాత్రే కూర్చుని రాశాను. ‘తీవ్ర అనారోగ్యం వల్ల జూలై నుంచి జనవరి వరకు రిటర్ను దాఖలు చేయలేకపోయాను.’ ఒక్క వాక్యంలో అయిపోయింది. సంతకం కోసం నాయన దగ్గరికి తీసుకెళ్లాను. మామూలుగా అయితే చదవకుండానే పెట్టేవాడు. ఆ రోజు చదివి వినిపించమన్నాడు. విన్నాక చాలాసేపు నోరు కూడదీసుకున్నాడు.

‘జనవరిల... నేను... కూసున్న గదా. ఇడ్లీ తిన్న గదా. అట్లెందుకు రాసినవ్?’

‘అట్ల రాస్తేనే ఒప్పుకుంటరు నాయనా.’

‘అబద్ధం మస్టర్... వద్దురా.’

నాకు కోపం వచ్చింది. ఇరవై మూడు వేలంటే మాకు రెండు నెలల ఫిజియోథెరపీ. నిజం రాస్తే కాదంటారేమోనన్న భయం ఒకటి. అసలు భయం అది కాదని తర్వాత అర్థమైంది. నిజం రాయాలంటే, జూన్‌లోనూ జూలైలోనూ ఆయన అడిగిన సంగతి, పండగ పోయాక చూద్దామని నేననుకున్న సంగతి నా చేత్తో నేను రాసుకోవాలి.

రాశాను. తేదీల వారీగా రాశాను. ఏ రోజు ఆస్పత్రిలో చేర్చాం, ఏ రోజు ఇంటికి తెచ్చాం, ఆ తర్వాత ఎన్నాళ్లు మనిషి సాయం లేనిదే కదల్లేకపోయాడు. చివర ‘జనవరిలో జరిగిన ఆలస్యం ఆయన పనులు చూస్తున్న కొడుకుగా నాది’ అని చేర్చాను. డిశ్చార్జి కాగితాలు జతచేశాం. నాయన ఎడమ చేత్తో బొటనవేలి ముద్ర వేశాడు. ముప్పై నాలుగేళ్లు జీతం పుస్తకంలో సంతకం చేసిన మనిషి! నేను అటు తిరిగి కూర్చున్నాను.

ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. ఆలస్యాన్ని మన్నించారు. నా వాక్యం వల్ల మన్నించారో, ఆస్పత్రి కాగితాల వల్లో నాకు తెలియదు.

రిటర్ను నింపాక ఆఖరి మెట్టు ఓటీపీ. అది నాయన ఫోన్‌కే వస్తుంది. నేను అందుకోబోతే ఫోన్ ఇవ్వలేదు. ‘నేనే జెప్త’ అన్నాడు. మాట రావడానికి రోజూ అంకెలు పలకమని డాక్టరు చెప్పారు మరి! ఆరు అంకెలు. నాలుగో అంకె దగ్గర తడబడ్డాడు. మళ్లీ మొదట్నుంచి. చూస్తుండగానే దాని గడువు కాస్తా అయిపోయింది. ఇంకోటి తెప్పించాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. రెండోసారి ఆరూ చెప్పాడు. ఒక్కొక్కటే, బొగ్గు తట్ట ఎత్తినట్టు.

కొన్ని వారాలకు డబ్బు ఖాతాలో పడింది. మెసేజ్ చదివి వినిపిస్తే నాయన వంకర నోటితోనే నవ్వాడు.

‘మస్టర్ పడ్డదన్నట్టు’ అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఏప్రిల్ మొదటి వారంలోనే బ్యాంకు ఫారం ఇచ్చేస్తున్నాం. అది జాగ్రత్త. అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి నేర్చుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఒక పని గురించి రెండోసారి అడిగారంటే, ఆ రోజే దానికి గడువు.