పాలమూరు బిడ్డ చేతిలో తాపీ

నారాయణపేట దాటాక బస్సు దింపిన చోటు నుంచి ఊళ్లోకి ఒకటిన్నర కిలోమీటరు నడవాలి. చెరువు కట్ట దిగుతుండగానే ఆ గోడ కనిపించింది. చుట్టుపక్కల ఇళ్లకు ఇటుకల్ని పడుకోబెట్టి కట్టారు. ఈ గోడలో మాత్రం ఇటుకలన్నీ అంచు మీద నిలబడి ఉన్నాయి.

నేను చేరేసరికి ఎనిమిది కాలేదు, అప్పటికే పని మొదలైంది. ఆరుగురి ముఠా అది. పెద్ద మేస్త్రీ ఒకరు, తాపీ పట్టినవాళ్లు ముగ్గురు, కూలీలు ఇద్దరు. ఆ ముగ్గురిలో ఒకరు ఇరవై రెండేళ్ల అమ్మాయి. నేను వెళ్లింది ఆమె పని చూడటానికే. పేరు రాయొద్దంది, రాయను.

ఇంటర్ అయ్యాక రెండేళ్లు తల్లితో పాటు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర ఇటుకలు మోసింది. తర్వాత పల్లెల్లో పేదల ఇళ్లు కట్టే ఒక చిన్న సంస్థ, తాపీ పని నేర్పుతామంటే చేరింది. నేర్చుకుంటూనే కూలి తీసుకునే పద్ధతి. ఇది ఆమె చేయి పడిన మూడో ఇల్లు. మొదటి రెండూ పక్క ఊళ్లలో కట్టారు. ఇది సొంత ఊళ్లో.

సొంత ఊళ్లో అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇది పాలమూరు నేల. పాలమూరు లేబర్ అంటే తెలియని తెలుగువాళ్లు లేరు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో లారీ ఎక్కి, దేశంలో ఎక్కడ ఆనకట్ట లేస్తుంటే అక్కడికి వెళ్లిన జనం వాళ్లు. ప్రాజెక్టులు కట్టారు, కాలువలు తవ్వారు, ఇప్పుడు గచ్చిబౌలిలో అంతస్తులు లేపుతున్నారు. ఇంతమందికి ఇళ్లు కట్టిన ఈ నేలలో మాత్రం సగం కూలిన మట్టి మిద్దెలు ఇప్పటికీ కనిపిస్తాయి. కట్టడం తెలిసినవాళ్లు ఊళ్లో ఉండరు. ఉన్నవాళ్లకు కట్టడం తెలియదు. ఈ అమ్మాయి పని నాకు ముఖ్యం అనిపించింది అందుకే.

ఇంటి యజమానురాలు వ్యవసాయ కూలీ. ప్రభుత్వ పథకం కింద ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. అయిదు లక్షలు ఒకేసారి చేతికి రావు, పని సాగినకొద్దీ విడతలుగా వస్తాయి. బేస్‌మెంట్ అయ్యాక మొదటి లక్ష పడింది. ఇల్లు నాలుగు వందల చదరపు అడుగులకు తగ్గకూడదు. ఈ లెక్కలో ప్రతి ఇటుకకూ విలువుంది.

"మామూలుగా తొమ్మిదించుల గోడకు వంద చదరపు అడుగులకు వెయ్యిన్ని అరవై డెబ్బై ఇటుకలు పడ్తయక్కా. గిట్ల కడితే ఎనిమిది వందలు సాలు" అంది అమ్మాయి, చెయ్యి ఆపకుండానే. నేను కాగితం మీద వేసి చూశాను. ఇటుక కొలత తొమ్మిది, నాలుగున్నర, మూడు అంగుళాలు. గోడకు ఇటు ఒక ఇటుక, అటు ఒక ఇటుక నిలబెడతారు. మధ్యలో మూడంగుళాల ఖాళీ వదిలి, రెంటినీ కలుపుతూ ఒక ఇటుకను అడ్డంగా పెడతారు. పొడవున అడుగు, ఎత్తున నాలుగున్నర అంగుళాల గోడకు మూడే ఇటుకలు. లెక్క సరిపోయింది. సరిగ్గా పావు వంతు మిగులు. మాలు కూడా తగ్గుతుంది. ఎనిమిది వందల చదరపు అడుగుల గోడ మీద రెండు వేల పైచిలుకు ఇటుకలు మిగులుతాయి. ఇక్కడ ఇటుక ఎనిమిది రూపాయలు, అంటే పదహారు వేల పైన. అయిదు లక్షల్లో అదేం పెద్ద మొత్తం అనేవాళ్లు ఉంటారు. ఆ ఇంటికి అవే తలుపులూ కిటికీలూ.

దీన్ని ర్యాట్ ట్రాప్ కట్టుడు అంటారు. మన దేశంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది లారీ బేకర్. బర్మింగ్‌హామ్‌లో 1917లో పుట్టి, గాంధీజీ మాట విని ఇక్కడే ఉండిపోయి, తిరువనంతపురంలో 2007లో కన్నుమూసిన వాస్తుశిల్పి. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపే దొరకాలన్న గాంధీజీ మాటను ఆయన జీవితమంతా పాటించారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఆవరణలో 1999 నుంచీ ఉన్న గ్రామీణ సాంకేతిక పార్కుకు వెళ్తే, తక్కువ ఖర్చుతో కట్టిన నమూనా ఇళ్లు ఎవరైనా చూడొచ్చు. నేనూ చూశాను. కానీ నమూనా ఇంట్లో ఎవరూ కాపురం ఉండరు. అసలు పరీక్ష ఇలాంటి ఊళ్లోనే.

ఇక్కడ ఇటుక బట్టీ ఏడు కిలోమీటర్లలో ఉంది. రాయి ఇంకా దగ్గర కదా, రాతి గోడ ఎందుకు కట్టలేదని అడిగాను. పెద్ద మేస్త్రీ జవాబు చెప్పాడు. "రాతి గోడంటే అడుగున్నర మందం. నాలుగొందల అడుగుల ఇంట్ల గోడలే సగం జాగ తింటే మనుషులేడ పండాలె?"

గోడ మొదలుపెట్టినప్పుడు యజమానురాలు ఒప్పుకోలేదట. "నడుమ డొల్లగుంటే గోడ నిలుస్తదా? పిల్లర్లు లేకుండ స్లాబెట్ల ఆగుతది?" అని తగాదా. ఇంకో అనుమానం కూడా, పేర్లోనే ఎలుక ఉంది, ఎలుకలు దూరితే? అమ్మాయి వాదన పెట్టుకోలేదు. పెరట్లో నాలుగడుగుల పొడవున నడుం ఎత్తు గోడ కట్టి, వారం నీళ్లు పట్టి, దాని మీదికి ఎక్కి నిలబడమంది. "ఎక్కిన, దూకిన గూడ" అని నవ్విందామె. కింది వరస, కిటికీ కింది వరస, లింటెల్ కింద, స్లాబ్ కింద ఖాళీ లేకుండా నిండుగా కడతారు కాబట్టి ఎలుకకు దారే లేదు. మూలల్లో ఖాళీలోకి చువ్వ దింపి కాంక్రీటు పోస్తారు. ఒక్క అంతస్తుకు బేస్‌మెంట్ దగ్గరా లింటెల్ దగ్గరా బెల్టు తిప్పితే పిల్లర్ల అవసరం లేదు. ఎండ వేడి ఆ ఖాళీ గాలి దగ్గర ఆగి, లోపలికి తక్కువగా వస్తుంది. మేలో నారాయణపేట ఎండ ఎరిగినవాళ్లకు ఇదొక్కటి చాలు.

పదకొండు గంటలప్పుడు ఒకటి జరిగింది. అమ్మాయి దారం మట్టానికి వరస పూర్తిచేసి, గుండు వేలాడదీసి చూసుకుంది. గోడ పైన అర వేలు బయటికి వచ్చింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. ప్లాస్టరింగ్ చేసే గోడైతే మాలుతో సరిపెట్టేయొచ్చు, కానీ ఈ గోడకు పూత ఉండదు, ఇటుకే పైకి కనిపించాలి. ఆమె తాపీ కొసతో అతుకు గీకి నాలుగు ఇటుకలు ఊడదీసింది. వాటికంటిన మాలు గీసి, తిరిగి నీళ్లలో ముంచింది. ఖాళీలోకి మాలు పడకుండా మూడంగుళాల చెక్క బద్దను అడ్డం పెట్టి, రెండు అంచుల మీదా మాలు పరిచి, బద్ద తీసి, మళ్లీ పేర్చింది. ఇరవై నిమిషాలు పట్టింది. పెద్ద మేస్త్రీ పరంజా మీద నుంచి చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఆ గుండు నిటారుగా ఆగేదాకా నేనూ ఊపిరి బిగబట్టాను.

మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తింటూ కూలి మాట వచ్చింది. ఈ చుట్టుపక్కల మేస్త్రీకి వెయ్యి, బొచ్చె మోసే ఆడమనిషికి అయిదు వందలు. ఈ ముఠాలో తాపీ పట్టినందుకు ఆమెకు ఎనిమిది వందలు ఇస్తున్నారు. "మా అమ్మ ఇరవై ఏండ్లు మోసిందక్కా. ఒక్క మేస్త్రీ గూడ ఆమె చేతికి తాపీ ఇయ్యలే. అడిగితే నవ్విండ్రట." సమాన పనికి సమాన వేతనమని 1976 నుంచీ చట్టం చెబుతోంది. పని వేరు కాబట్టి కూలి వేరంటారు మేస్త్రీలు. ఆ పని చేతికివ్వకుండా తేడా ఎలా పోతుంది? తెలుగు నేల మీద ఆడవాళ్లు మాలు కలపని, ఇటుక అందించని మేడ ఒక్కటీ ఉండదు. వాళ్లను మేస్త్రీ అని పిలిచిన ఊరు నేను చాలా తక్కువ చూశాను. నేర్చుకోలేక కాదు. ఈ అమ్మాయి ఎనిమిది నెలల్లో నేర్చుకుంది.

సాయంత్రం తన సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి చూపించింది. తేదీ, ఊరు, చేసిన పని, కట్టిన వరసలు. ప్రతి పేజీ చివర పని చేయించినవాళ్ల సంతకం. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే వయసు పద్దెనిమిది నుంచి అరవై మధ్య ఉండాలి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. పని దొరకని వానాకాలం పోను ఆమె పుస్తకంలో 67 రోజులున్నాయి. తల్లి దగ్గర ఇరవై ఏళ్ల పని ఉంది గానీ ఒక్క రోజుకైనా రుజువు లేదు. అడిగిన ప్రతిచోటా రేపు రమ్మన్నారు, పని అయిపోయాక మనిషే కనిపించలేదు. బోర్డు కార్డు లేక ఆమెకు ప్రమాద సాయం లేదు, కూతురి ప్రసవానికి వచ్చే సాయమూ లేదు.

ఇది చదివేవాళ్లలో ఇల్లు కట్టిస్తున్నవాళ్లు, కట్టించబోయేవాళ్లు ఉంటారు. మీ దగ్గర బొచ్చె మోసే మనిషి పని రోజుల కాగితం పట్టుకుని వస్తే రేపు రమ్మనకండి. అక్కడే సంతకం పెట్టండి.