కర్ణుడి కవచం, గుప్పెడు చింతపిక్కలు

అన్నవరం అనగానే మిత్రులలో చాలామందికి రత్నగిరి మెట్లూ, కొండ కింద పంపా, విస్తరాకు పొట్లంలో నెయ్యి ఓడుతున్న సత్యదేవుని ప్రసాదమూ జ్ఞాపకం వస్తాయి. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు మాత్రం వాటన్నిటికంటె ముందు మా ఇంటి అటక గుర్తుకొస్తుంది. ఆ అటక మీద పాత తువ్వాలు కప్పుకుని, తలా చేతులూ లేని ఒక మొండెం దాదాపు ముప్పై ఏళ్ళుగా కూర్చుని ఉంది. అది మా నాన్నగారిది.

కంగారు పడకండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోసినది. పోసినవాణ్ణి నేనే.

నాన్నగారు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు. సెలవు దొరికితే పద్యనాటకం. రాయబారం ఆడే బృందాలలో ఆయనకు ఎప్పుడూ కర్ణుడి వేషమే వచ్చేది. కృష్ణుడికీ దుర్యోధనుడికీ పద్యాలన్నీ పోగా కర్ణుడికి మిగిలేది మీసమొక్కటేనని ఆయన బాధ. చివరికి, నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని పూరించిన ఎర్రన చేతిలో కడపట వచ్చే కుండలాహరణ ఘట్టాన్ని తీసుకుని, గంటసేపటి నాటకంగా తానే వ్రాసుకున్నారు. బ్రాహ్మణ వేషంలో వచ్చిన ఇంద్రుడికి కర్ణుడు సహజ కవచాన్ని ఒంటినుండి కోసి ఇచ్చే కథ.

చిక్కు ఆ కవచం దగ్గరే వచ్చింది. అద్దెకు వచ్చే దుస్తులలో ఉండేది మఖమల్ గుడ్డ మీద చెమ్కీలు కుట్టిన చొక్కా. "కర్ణుడు పుట్టుకతో తెచ్చుకున్నదిరా అది. దర్జీ కుట్టింది కాదు. గుండీలు విప్పి దానం చేస్తే చూసేవాడు నవ్వడూ?" అనేవారు. నేనప్పుడు కాకినాడలో పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. 1995 వేసవి. నేను చేసిపెడతానని నోరు జారాను.

కాకినాడ తీరంలో ఫైబర్ పడవలకు మరమ్మతులు చేసేవారి దగ్గర కొన్ని సాయంత్రాలు కూర్చుని పని చూశాను. చెక్క అచ్చుకు మైనం పట్టించి, దాని మీద గాజునార చాప పరిచి, కుంచెతో రెజిన్ అద్దుతారు. రెజిన్ గట్టిపడాలంటే రెండు ద్రవాలు కలపాలి, ఒకటి కోబాల్ట్, మరొకటి హార్డెనర్. హార్డెనర్ నూటికి ఒకటి రెండు పాళ్ళు చాలు. ఈ రెండింటినీ రెజిన్ లేకుండా నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పేలిపోతాయి. అక్కడి మేస్త్రి నాకు మొదట నేర్పిన పాఠం ఇదే. పేరు కూడా తరవాతే అడిగాడు.

కవచం ఒంటికి అతుక్కున్నట్టుండాలంటే ముందు ఒంటి అచ్చు కావాలి. ప్లాస్టర్ గుణం మీకు తెలిసే ఉంటుంది. జిప్సం రాయిని సుమారు నూటయాభై డిగ్రీల వేడిలో ఉంచితే తనలోని నీటిలో మూడువంతులు విడిచి పొడి అవుతుంది. నీళ్ళు కలపగానే పోయినదంతా తిరిగి తాగి మళ్ళీ రాయి అవుతుంది. అలా అయ్యేటప్పుడు వేడి పుట్టిస్తుంది. మందంగా పోస్తే ఆ వేడి చిన్నది కాదు. 2007లో ఇంగ్లండులో ఒక బడిపిల్ల చేతుల అచ్చు కోసం బకెట్టు ప్లాస్టర్‌లో చేతులు పెట్టి చాలా వేళ్ళు పోగొట్టుకున్నదని చదివినప్పుడు, ఏమీ తెలియకుండా నేనెంతటి పనికి పూనుకున్నానో తలుచుకుని ఒళ్ళు జలదరించింది. అదృష్టవశాత్తూ మాకు ఆసుపత్రి కాంపౌండరు ఒకాయన తెలుసు. ఎముకలు విరిగినవారికి వేసే ప్లాస్టర్ గుడ్డచుట్టలు ఇప్పించాడు. అవి పలుచన, వేడి గోరువెచ్చగా ఉంటుంది.

పెరట్లో ముక్కాలిపీట మీద నాన్నగారిని కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసి చుట్టలు తడిపి వేశాను. జంధ్యం తీయనన్నారు. సరే, దాని మీదనే. ఊడదీసేటప్పుడు తెలిసింది, నూనె చాలలేదని. ఛాతీ మీది వెంట్రుకలలో సగం అచ్చుతోనే వచ్చాయి. కర్ణుడు కోసుకున్నప్పుడు ఇంత నొప్పి పుట్టలేదనీ, ఒంటిమీద మచ్చ పడకుండా ఇంద్రుడు వరమైనా ఇచ్చాడనీ ఆయన అన్న మాటకు అమ్మ వంటింట్లోంచి నవ్వడం ఇంకా వినిపిస్తూంది.

ఫైబర్ కవచం తయారయింది. చూడడానికి చాలా బాగుంది. నాన్నగారు తొడుక్కుని రాగం ఎత్తుకున్నారు. మూడో ఆవృత్తిలో ఆగిపోయారు.

నేను అచ్చు తీసింది మామూలుగా ఊపిరి వదిలి కూర్చున్న మనిషికి. పద్యం పాడే మనిషి ఛాతీ అది కాదు. దీర్ఘమైన రాగాలాపనకు ముందు నిండా గాలి పీల్చినప్పుడు పక్కటెముకలు ఎంత విచ్చుకుంటాయో నేను ఆలోచించనే లేదు. ఫైబర్‌కు సాగే గుణం లేదు. దానికి తోడు సరిగ్గా ఆరని రెజిన్ వాసన నేరుగా గొంతులోకి. వారం రోజులు ఆయన బడిలో పాఠం కూడా బొంగురు గొంతుతోనే చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని అనిపించింది. ఆయనకున్న ఆస్తి ఆ గొంతొక్కటే.

మరుసటి ఏడాది మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఆలోచన ఆయనది. "ఊపిరి నింపుకుని కూర్చుంటాను, అప్పుడు తియ్యి" అన్నారు. తడి చుట్ట గట్టిపడడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, అంతసేపు ఎవరు ఊపిరి బిగబట్టగలరు? ఆయన బిగబట్టలేదు. ఛాతీ దిగకుండా పైపైన చిన్న చిన్న గుక్కలు తీసుకుంటూ, ముప్పై ఏళ్ళ పద్యసాధన అంతా ఆ అయిదు నిమిషాలకు ఖర్చుపెట్టి కూర్చున్నారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి తీసినదే అటక మీది మొండెం. రాగం ఎత్తుకోబోయే క్షణంలో ఆగిన ఛాతీ అది. ఎడమ భుజం నుండి అడ్డంగా జంధ్యం నరంలా ఉబ్బి కనిపిస్తుంది.

ఫైబర్ మానేశాం. కొండపల్లి బొమ్మల పనివారు ముక్కలు అతకడానికి చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి వాడతారని నాన్నగారికి తెలుసు. అమ్మ చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, అంబలిలా కాచింది. ఎలుకలూ పురుగులూ ముట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపాం, పుస్తకాలు కట్టేవారు మైదా జిగురులో కలిపినట్టే. మొండెం మీద చెరువుమట్టితో సూర్యబింబమూ పొలుసులూ దిద్ది, దానికి వెనకా ముందూ విడివిడిగా రెండో అచ్చు తీశాను. ఆ అచ్చులో మొదటి పొర వార్తాపత్రిక ఒట్టి నీళ్ళతో తడిపి పరిచాను. అది అచ్చుకు అంటదు. దానిమీద జిగురుతో ఎనిమిది పొరలు. మూడు రోజుల ఎండకు కాగితం కొద్దిగా ముడుచుకుని తనంతట తానే అచ్చును వదిలింది. చేతిలోకి తీసుకుంటే అప్పడం బరువు. అంచుల దగ్గర ఒంటిరంగు వేసి, మధ్యకు వచ్చేసరికి బంగారుపొడి కలిసిపోయేట్టు రంగులు అద్దాను. రెండు పక్కలా లోపల కొక్కేలు.

1996 శ్రీరామనవమి పందిరి. అద్దం ముందు కూర్చున్నప్పటి ఆయన ముఖం నాకు ఆ రాత్రి కొత్తగా కనిపించింది. నాటకంలో ఆ ఘట్టం వచ్చింది. పద్యం పాడుతూనే చురకత్తి పక్కకు పోనిచ్చి కొక్కెం తప్పించారు. కవచం ఒంటినుండి నిజంగానే ఒలిచినట్టు వచ్చింది. ఒక్క క్షణం పందిరి నిశ్శబ్దం. వెంటనే నాలుగు మూలలనుండీ "వన్స్ మోర్!"

మన ప్రేక్షకుల సంగతి మీకు చెప్పాలా? చచ్చిపడ్డవాడు కూడా లేచి పద్యం పాడాలి. కాని కవచం అప్పటికే ఇంద్రుడి చేతిలో ఉంది. హార్మోనియం మళ్ళీ అందుకుంది. ఇంద్రుడు బిక్కముఖం వేసి దానాన్ని తిరిగి ఇచ్చేశాడు. నేను తెర పక్కనుండి వంగి వెళ్ళి కర్ణుడికి కొక్కేలు తగిలించాను. నాన్నగారు రెండోసారి మొదటిదానికంటె పెద్ద రాగం తీశారు.

ఆ కాగితం కవచం పన్నెండు ఆటలు ఆడింది. తరవాత ఒక తుపాను వానకు ఇల్లు కురిసి నానిపోయింది. మొండెం మిగిలింది.

2011లో నాన్నగారు పోయారు. పదకొండో రోజు దాటాక అమ్మ అటక కేసి చూపించి, తల లేని మనిషి ఇంట్లో ఉండకూడదని ఎవరో చెప్పారనీ, పంపలో కలిపేయమనీ అంది. ప్లాస్టర్ నీళ్ళలో కరగదమ్మా, ఏళ్ళ తరబడి అలాగే అడుగున పడి ఉంటుందన్నాను. (వినాయక విగ్రహాల విషయంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్లాస్టర్‌ను వద్దన్నది ఇందుకే కూడా.) "అలాగే ఉంటుందా?" అని అడిగి ఊరుకుంది. తరవాతి సంక్రాంతికి వెళ్ళేసరికి మొండెం మీద తువ్వాలు కొత్తది. ప్రతి సంక్రాంతికీ, ఇల్లు దులిపినప్పుడల్లా మారుతూ వస్తోంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈ మధ్య మా అమ్మాయి హైదరాబాదులో ఏదో వేషాల పండుగకు యోధురాలి కవచం చేసుకుంటానంది. ఇప్పటి పిల్లలు ఫోమ్ పలకలను వేడిగాలితో వంచి చేస్తారట, వీడియోలు చూపించింది. బామ్మ దగ్గరకు వెళ్ళినప్పుడు అటక ఎక్కి తువ్వాలు తీసింది. చాలాసేపు దిగలేదు. దిగాక, "నాన్నా, తాతగారి మీదే చేస్తాను" అంది. ప్లాస్టర్‌కు అప్పటికే కుడి భుజం కింద బీట ఉంది. సిలికాన్ పోసి లాగితే విరుగుతుందని నాకు భయం. కాగితమైతే ఏమీ కాదన్నాను. మైలుతుత్తం ఎంత వెయ్యాలో మరిచిపోయాను. అమ్మకు గుర్తుంది. డెబ్భయ్యారేళ్ళ వయసులో మళ్ళీ చింతపిక్కలు వేయించింది.

మొన్న ఆదివారం పక్కలు కోసి తీశాం. లోపలివైపు సన్నని గాడి, జంధ్యం ఉన్నచోట. అమ్మాయి తొడుక్కుని చూసుకుంది. రెండు చంకల కిందా నాలుగేసి వేళ్ళు వదులు. కత్తెర అందుకుంది. అరుగు మీంచి అమ్మ ఒక్క కేక వేసింది: "కొయ్యకే తల్లీ, అలా ఉంచు. వచ్చే ఏటికి సరిపోతుంది."