జక్రాన్‌పల్లిలో మూడు దూరాలు.. నాన్న కొత్త అద్దాలు

హైదరాబాద్ నుంచి ఆర్మూర్ వైపు పోతుంటే, డిచ్‌పల్లి దాటాక 44వ జాతీయ రహదారి మీద జక్రాన్‌పల్లి వస్తుంది. శ్రీనగర్‌ను కన్యాకుమారితో కలిపే రోడ్డు ఇదే. లారీలకు తెరిపి ఉండదు. రోడ్డు దిగితే పసుపు, మక్క, వరి చేలు. ఇక్కడి రైతుకు పొద్దున లేస్తే మూడు దూరాలతో పని: ఎదురొచ్చే లారీ, కాళ్ల ముందున్న ఒడ్డు, చేతిలో ఫోన్.

నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. కంట్లోని కటకం బిగుసుకుపోయి దగ్గరివి మసకబారతాయి. 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు'తో తెలంగాణ పల్లెల్లో చాలామందికి రీడింగ్ అద్దాలు వచ్చాయి. చదవడానికి అవి బాగానే ఉంటాయి. తల ఎత్తి దూరం చూస్తేనే మసక. పెట్టు, తీయి, మళ్లీ పెట్టు! ఆ గోల తప్పించేవే ప్రోగ్రెసివ్ అద్దాలు. ఫ్రాన్స్ ఇంజినీర్ బెర్నార్డ్ మైతెనాజ్ రూపొందించిన 'వారిలక్స్' 1959లో వచ్చాక ఇవి నిలదొక్కుకున్నాయి. పైభాగంలో దూరం, నడుమ చేతికందేంత దూరం, కింద దగ్గర. విడదీసే గీత కనిపించదు.

మా నాన్నకు ఈ మధ్యే ఇవి వచ్చాయి. మొదటి రెండు రోజులు పొలం ఒడ్డు మీద ఒకటే తిప్పలు. "నేల ఊగుతున్నట్టుందిరా, కాలు ఎక్కడ పెట్టాల్నో తెలుస్తలేదు" అన్నాడు. కారణం సింపుల్. కళ్లు మాత్రమే దించితే చూపు చదివే భాగంలోంచి పోతుంది. అది మూరెడు దూరానికి తయారైంది. నేల అంతకంటే దూరం కదా! అందుకే గడ్డం కిందికి దించి, అద్దం పైభాగంలోంచి నేలను చూడాలి. మెట్లు దిగేటప్పుడూ అంతే.

రోడ్డు దగ్గర ఇంకో చిక్కు. ఈ అద్దాల్లో పక్క అంచులు కొంత మసకగానే ఉంటాయి. ఓరకంటితో చూసి హైవే దాటితే ప్రమాదం. ముక్కు లారీ వైపు ఉండేలా తల మొత్తం తిప్పి చూడాలి. అలవాటయ్యేదాకా బండి నడపకపోవడమే మేలు. నాన్న వారం పాటు బండి తాళం నాకిచ్చాడు. ఆయనకది పెద్ద త్యాగమే!

మూడో రోజు అద్దాలు అల్మారాలోకి పోయాయి. చాలామంది డబ్బులు ఇక్కడే వృథా అవుతాయి. పాతవి కాసేపు, కొత్తవి కాసేపు పెడితే మెదడుకు అలవాటు కాదు. పొద్దున్నే పెట్టుకుని రోజంతా ఉంచితే సాధారణంగా రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. అప్పటికీ తల తిరుగుతుంటే తప్పు మనిషిది కాకపోవచ్చు. కంటిపాపల మధ్య దూరం, ఫ్రేములో కన్ను ఉండే ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు తప్పినా ఇబ్బందే. షాపుకు వెళ్లి మళ్లీ కొలిపించాలి.

బతిమాలితే నాన్న మళ్లీ పెట్టుకున్నాడు. పదో రోజు నిజామాబాద్ మార్కెట్ యార్డులో కాంటా మీది అంకె చూశాడు, తక్‌పట్టీ తనే చదివాడు. ఇదివరకు ఆ చీటీ ఎవరికో ఇచ్చి చదివించుకునేవాడు. ఏడాది కష్టపడి పసుపు పండించినోడికి తన లెక్క తానే చూసుకోవడం చిన్న విషయం కాదు.

మీ అమ్మానాన్నలకూ ఇవి వస్తే, మొదటి వారం వాళ్లతో కలిసి రోడ్డు దాటండి.