పుల్లల వంతెనకు బకెట్ పరీక్ష

స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ అంటే ఓ వంతెన ఉండి తీరాల్సిందే. థర్మోకోల్ మీద నీలిరంగు నది, దాని మీద అట్టతో కట్టిన బ్రిడ్జి, రెండు బొమ్మ కార్లు, గట్టున రంపపు పొట్టుకు పచ్చరంగు వేసి చల్లిన గడ్డి... చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వచ్చినవాళ్లు 'అబ్బ, ఎంత బాగా చేశారో!' అంటారు. ఓ ఫొటో తీసుకుని పక్క బల్ల దగ్గరకు వెళ్లిపోతారు. ఆ బ్రిడ్జి ఎంత బరువు మోస్తుందని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడమే మంచిది. బొమ్మ కారు తీసేసి లెక్కల పుస్తకం పెడితే చాలు, అంతా నదిలోకే! పైన పటారం, లోన లొటారం.

అందుకే కొందరు టీచర్లు పందెం మారుస్తారు. ఐస్‌క్రీమ్ పుల్లలు, తెల్ల జిగురు... ఈ రెండే వాడాలి. రంగులొద్దు, కార్లొద్దు. అర మీటరు ఎడంగా రెండు బల్లలు వేసి, వాటి మీద వంతెన పెడతారు. నడుమ ఓ కొక్కెం, దానికి బకెట్. బకెట్లో కొంచెం కొంచెంగా ఇసుక పోస్తూ వెళతారు. ఎప్పటిదాకా? వంతెన విరిగేదాకా!

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఎక్కువ బరువు మోసిందే గెలిచినట్టు కాదు. తన బరువుకు ఎన్ని రెట్లు మోసిందన్నది లెక్క. 300 గ్రాముల వంతెన 30 కిలోలు మోస్తే వంద రెట్లు. 120 గ్రాముల వంతెన 24 కిలోలు మోస్తే రెండు వందల రెట్లు. రెండోదే గెలిచినట్టు. పుల్లలన్నీ దిట్టంగా అతికించి దుంగలా చేస్తే కుదరదన్నమాట. ఏ పుల్ల ఎందుకు పెట్టామో చెప్పగలగాలి.

పరీక్ష ఎవరికి?

బషీర్‌బాగ్‌లో ఓ ఇల్లు ఊహించుకోండి. తొమ్మిదో తరగతి అమ్మాయి శనివారం సాయంత్రం హాల్లో పుల్లలు పరుచుకుని కూర్చుంది. నాలుగు పుల్లలు అతికించేసరికి ఒకటి ఊడింది. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న చూశాడు. "ఇలా ఇవ్వమ్మా, నేను చూపిస్తా" అన్నాడు. చూపిస్తానన్నవాడు రాత్రి పదింటికి కూడా లేవలేదు. అమ్మ కత్తెరతో పుల్లలు కత్తిరించి అందిస్తోంది. అమ్మాయి టీవీ ముందు చేరింది. నానమ్మ అటూ ఇటూ చూసి ఒకే మాట అడిగింది: "పరీక్ష పిల్లకారా, నీకా?"

ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. అందులో ప్రేమ ఉంది, కాదనలేం. మన పిల్ల పక్కపిల్లల ముందు చిన్నబోకూడదన్న ఆరాటమూ ఉంది. కానీ నాన్న కట్టిన వంతెన విరిగితే అమ్మాయికి మిగిలేది అవమానమే. విరక్కపోతే దక్కేది బహుమతే. రెండింట్లోనూ తనకు తెలిసిందేమీ ఉండదు. తను కట్టింది విరిగిందనుకోండి, ఎక్కడ విరిగిందో వెంటనే చూస్తుంది. ఎందుకు విరిగిందని ఆలోచిస్తుంది.

మరి పెద్దవాళ్లేం చేయాలి? సామాన్లు తెచ్చిపెట్టాలి. కత్తి, రంపం వాడాల్సినప్పుడు పక్కనుండాలి. 'ఈ పుల్ల ఎందుకు పెట్టావ్?' అని అడగాలి. అక్కడితో ఆగాలి.

పుల్ల చెప్పే పాఠాలు

పని మొదలుపెట్టే ముందు వంటింట్లోంచి గిన్నెలు తోమే స్పాంజి తెచ్చుకుంటే మేలు. దాని పక్కభాగం మీద పెన్నుతో నిలువు గీతలు గీయాలి. రెండు డబ్బాల మీద ఆనించి మధ్యలో వేలితో నొక్కాలి. పై అంచున గీతలు దగ్గరవుతాయి, కింది అంచున దూరమవుతాయి. వంతెన కథంతా ఇదే. పైభాగాన్ని బరువు నొక్కుతుంది, కిందిభాగాన్ని లాగుతుంది.

ఒక పుల్లను వెడల్పు వైపు పడుకోబెట్టి వంచితే ఇట్టే వంగుతుంది. అదే పుల్లను అంచు మీద నిలబెట్టి నొక్కి చూడండి, మొండికేస్తుంది. సెంటీమీటరు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పుల్ల నిలబెడితే వంగకుండా ఉండే శక్తి 25 రెట్లు పెరుగుతుంది. పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచగలిగితే చాలు.

నాలుగు పుల్లల కొసలు గుండుసూదులతో కలిపితే చతురస్రం వస్తుంది. మూలన వేలితో తోస్తే పక్కకు వాలిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి తోయండి. పుల్ల విరగాలే తప్ప ఆకారం మారదు. ఇంజినీర్లు ట్రస్ అని పిలిచేది ఈ త్రిభుజాల వరసనే.

లాగే బలాన్ని సన్నటి పుల్ల కూడా బాగానే ఓర్చుకుంటుంది. నొక్కితేనే దానికి కష్టం. పొడవాటి పుల్లను రెండు కొసల నుంచి నొక్కితే నలగదు, నడుమ దగ్గర పక్కకు వంగిపోతుంది. దాని పొడవు సగానికి తగ్గిస్తే నాలుగింతల బలానికి గానీ వంగదు. అందుకే పైభాగంలో పుల్లలు పొట్టిగా ఉండాలి, లేదంటే మధ్యమధ్య ఊతం ఇవ్వాలి.

ఇక జిగురు. పిల్లల వంతెనలు చాలాసార్లు విరిగేది పుల్ల దగ్గర కాదు, అతుకు దగ్గర. జిగురు ధారాళంగా పోస్తే బలం రాదు, బరువు పెరుగుతుంది. పల్చగా రాసి, బట్టల క్లిప్పు పెట్టి, ఒక రోజంతా ఆరనివ్వాలి. పందెం సోమవారమైతే ఆదివారం రాత్రి మొదలుపెట్టిన వంతెన ఓడిపోయేది ఇక్కడే!

ఊరంతా ప్రయోగశాలే

ఇవన్నీ పుస్తకంలో బొమ్మలుగా చూడక్కర్లేదు. బషీర్‌బాగ్ నుంచి నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి ఎంతో దూరం లేదు. అంతకన్నా దగ్గర, బషీర్‌బాగ్ ఫ్లైఓవర్. ఈసారి దాని కింద నుంచి వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం తల పైకెత్తి, పైనున్న బరువు స్తంభాల మీదికి ఎలా దిగుతోందో పిల్లలకు చూపించండి. నాంపల్లి వైపు వెళితే 2018లో మొదలైన మెట్రో మార్గం కనిపిస్తుంది. ఆ కాంక్రీటు దారిని విడివిడి ముక్కలుగా పోతపోసి తెచ్చి, లోపల ఉక్కు తీగలు బిగించి ఒక్కటిగా చేశారు. బల్ల మీద పది పుస్తకాలు వరసగా నిలబెట్టి, రెండు చేతులతో అటూ ఇటూ గట్టిగా నొక్కి పైకెత్తండి. మధ్య పుస్తకం జారదు. అదీ కిటుకు.

మూసీ మీది పురానాపూల్ 1578 నాటిది. కుతుబ్‌షాహీల కాలంలో, ఉక్కు తీగలూ సిమెంటూ లేని రోజుల్లో రాతి కమానులతో కట్టారు. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది. నొక్కుడును ఓర్చుకోవడంలో రాయికి సాటిలేదు. 1908లో ఊరిని ముంచేసిన మూసీ వరదను కూడా చూసిన వంతెన అది.

రాజమండ్రి మీదుగా రైల్లో వెళ్లేవాళ్లు గోదావరిలో రూపాయి బిళ్ల వేయడం మరిచిపోరు. ఆ చేత్తోనే కిటికీలోంచి వంతెనను కూడా చూడాలి. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద రైలు వెళుతుంటే ఉక్కు త్రిభుజాలు ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు పరుగెడతాయి. దానికన్నా ముందు, 1900 నుంచి దాదాపు వందేళ్లు హేవ్‌లాక్ వంతెన రైళ్లను మోసింది. అది విశ్రాంతి తీసుకున్నాక 1997 నుంచి ఆ పని అందుకున్నది కాంక్రీటు విల్లుల వంతెన. ఒకే నది, మూడు రకాల ఆలోచనలు.

పెద్దలూ విరగ్గొట్టారు

బొమ్మ వంతెనను విరగ్గొట్టి నేర్చుకోవడం పిల్లల ఆటేమీ కాదు. 1840ల్లో బ్రిటన్‌లోని వేల్స్ దగ్గర మెనాయ్ జలసంధి మీద రైలు వంతెన కట్టాలనుకున్నారు. రైలు ఓ పెద్ద ఇనుప గొట్టంలోంచి వెళుతుంది. అంత పొడవున అలాంటిది ఎవరూ కట్టలేదు. విలియం ఫెయిర్‌బైర్న్ అనే ఇంజినీరు ఆరో వంతు కొలతతో నమూనా చేయించి, బరువులు వేలాడదీశాడు. అది విరిగింది. విరిగినచోట బలపరిచి మళ్లీ వేలాడదీశాడు. ఈసారి ఇంకోచోట విరిగింది. ఇలా పదేపదే విరగ్గొట్టి, బాగుచేసి, మొదట మోసినదానికి రెండింతలకు పైగా మోసేలా చేశాక ఆ అనుభవంతో అసలు వంతెన కట్టారు. 1850లో రైళ్లు నడిచాయి.

ముందు విరగ్గొట్టి చూసుకోనిచోట, వచ్చిన హెచ్చరికను సకాలంలో పట్టించుకోనిచోట ఏమవుతుంది? కెనడాలో క్యూబెక్ వంతెన కడుతుండగానే, నొక్కుడును ఓర్చాల్సిన ఉక్కు భాగాలు కొన్ని వంపు తిరిగాయి. సిబ్బంది చూశారు, కొలిచారు, పైవాళ్లకు చెప్పారు. పని ఆపాలన్న నిర్ణయం సమయానికి అక్కడికి చేరలేదు. 1907 ఆగస్టు 29న వంతెన కుప్పకూలి 75 మంది కార్మికులు చనిపోయారు. పొడవు పెంచినప్పుడు వంతెన సొంత బరువును మళ్లీ సరిగా లెక్కించలేదని తర్వాత తేలింది.

తెలుగువాళ్లకు అంత దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరద నీటికి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. అది తెలియక వచ్చిన డెల్టా ప్యాసింజర్ పడిపోయి వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వంతెన అంటే పైన కనిపించే భాగమే కాదు, కింద దాన్ని నిలబెట్టే నేల కూడా. ఆ నేలను నీరు కోసేస్తే పైన ఎంత బలం ఉన్నా లాభం లేదు.

మూడు వాక్యాల నోటుపుస్తకం

బకెట్ పరీక్ష ఇంట్లోనే ఓసారి పెట్టుకోవచ్చు. ఇసుక లేకపోతే నీళ్లు. లీటరు నీళ్లంటే కిలో బరువే కాబట్టి లెక్క తేలిక, ఖాళీ బకెట్ బరువు కలపడం మాత్రం మరిచిపోకూడదు. బకెట్ నేలకు జానెడు ఎత్తులోనే వేలాడాలి. దాని కింద కాళ్లు పెట్టకూడదు. పుల్ల ముక్కలు ఎగిరి పడతాయి, కళ్లద్దాలు ఉండాలి. ఒక్కో లీటరుకూ ఆగి, ఏ పుల్ల వంగుతోంది, ఏ అతుకు నోరు తెరుస్తోందో చూడాలి. 'టిక్'మన్న చిన్న చప్పుడు కూడా సమాచారమే.

విరిగాక ముక్కలు పారేయకూడదు. నోటుపుస్తకంలో మూడు వాక్యాలు రాస్తే చాలు: ఎంత బరువు దగ్గర విరిగింది, ఎక్కడ విరిగింది, ఈసారి ఏం మారుస్తాను. ఆ మూడో వాక్యం అమ్మాయి తనంతట తాను రాసిన రోజున, ఇంట్లో ఎవరూ జిగురు డబ్బా లాక్కోనక్కర్లేదు.

మొదటి వంతెనకు బహుమతి వస్తే సంతోషమే, రాకపోయినా ఫర్వాలేదు. పుల్లలు కొనేటప్పుడు మాత్రం రెండో వంతెనకు సరిపడా కొనండి.