రెండు సముద్రాల నడుమ

మా నాన్న 1987 జూన్ నెలలో పోయాడు. రత్నాగిరి తీరాన తొలకరి వానలు పట్టిన రోజులవి. పెద్దకొడుకు పెట్టవలసిన అగ్ని నేను పెట్టాను. అన్నయ్య అప్పుడు ఒక సరకుల ఓడలో రెండవ ఆఫీసరు. ఆ ఓడ పనామా కాలువ వాకిట లంగరు వేసి తన వంతుకై వేచి ఉన్నది. కంపెనీవారు తనను వదలలేదని అతడు వ్రాసిన ఉత్తరం కర్మలన్నీ ముగిసిన తరువాత చేరింది. అటుపిమ్మట ముప్పదిరెండేళ్లపాటు ఆ ప్రసక్తి మా మధ్య రాలేదు. రాకుండా నేనే ఎక్కువ జాగ్రత్త పడ్డాననుకుంటాను.

ఉద్యోగం చాలించుకొన్న కొన్నేళ్లకు అన్నయ్య ముప్పదియారడుగుల తెరచాప పడవ ఒకటి కొని కరీబియన్ సముద్రంలో తిరగసాగాడు. 2019 ఆరంభంలో ఒకనాడు టెలిఫోనులో పిలిచాడు. "పడవలో కాలువ దాటుదామనుకుంటున్నాను. మోకులు పట్టటానికి నలుగురు ఉండాలని నియమం. నీవొకడివి రారా" అన్నాడు. జన్మమంతా బడిపంతులుగా ఉండి సముద్రాన్ని ఒడ్డునుంచే చూచినవాణ్ణి. కాదనటానికి నోటి చివర ఎన్నో కారణాలున్నవి. వెళ్లాను.

గూనా జాతివారి దీవులలో అతణ్ణి కలుసుకున్నాను. పనామా ఉత్తర తీరాన అవి మూడువందలకు పైగా ఉన్నవి. గుప్పెడు ఇసుక, పది కొబ్బరిచెట్లు ఉంటే చాలు, అదొక దీవి. రాలిన కాయనైనా ముట్టరాదని అన్నయ్య ముందే హెచ్చరించాడు. అక్కడ ప్రతి చెట్టుకూ ఒక యజమాని ఉన్నాడు, పూర్వం కొబ్బరికాయలే వారికి నాణేలు. కొంకణంలో పుట్టినవాడికి ఇది వింత కాదు. మా ఊళ్లో ఒక్క కొబ్బరిచెట్టు కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములున్నారు.

అక్కడినుంచి పడమరగా రెండు పగళ్ల ప్రయాణం. ఆ ఋతువులో ఈశాన్యపు గాలి ఎడతెగక వీస్తుంది. వెనుకనుంచి వచ్చే ప్రతి అలా పడవను ఎత్తి, ఒక పక్కకు ఒరగజేసి, ముందుకు సాగిపోయేది. నేను కడుపులోని దంతా సముద్రానికి సమర్పించి మూలన పడి ఉన్నాను. అన్నయ్య చుక్కాని పట్టుకొని, అరవైయెనిమిదేళ్ల వయస్సున, చిన్నప్పుడు వానలో తడిసినప్పటి ముఖంతో కూర్చున్నాడు. నాకు అసూయ కలిగిందని ఒప్పుకోవాలి.

కోలోన్ రేవు బయట ఆరు రోజులు ఆగాము. అధికారి ఒకడు వచ్చి మా పడవను టేపుతో కొలిచాడు. ఆ కాలువలో ఊరకే పోనివ్వరు. 1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ దానిని ఈది దాటితే, అతని బరువును బట్టి లెక్కగట్టి 36 సెంట్లు సుంకం పుచ్చుకున్నారు. రాత్రులు చుట్టూ వందలాది దీపాలు. ఒక్కొక్క దీపం వంతు కోసం నిలిచిన ఒక్కొక్క ఓడ. అన్నయ్య ఒకసారి వేలు చూపి, "మా ఓడ ఉన్నది అక్కడే" అన్నాడు. నేను వేరే దిక్కు చూశాను.

ఏడవనాటి సాయంకాలం గాటూన్ లాకులలో ప్రవేశించాము. మూడు మెట్లుగా ఓడను 26 మీటర్లు ఎత్తి సరస్సులో వదిలే లాకులవి. 1914 నుంచి పనిచేస్తున్నవి. కాలువలో తెరచాప ఎత్తరాదు, ఇంజనుతోనే సాగాలి. రాతిదెబ్బ తగలకుండా అద్దెకు తెచ్చిన పాత మోటారు టైర్లు పడవ చుట్టూ వేలాడగట్టాము. ముందు ఒక పెద్ద ఓడ, దాని తోకన మేము, వెనుక ఇనుప తలుపులు మూతపడినవి. గోడపైనుంచి పనివారు సన్నని త్రాళ్లు విసిరారు. వాటికి మా మోకులు కట్టగా పైకి లాగుకొన్నారు. అడుగునుంచి నీరు సుడులు తిరుగుతూ పొంగింది. నీరు లేచిన కొద్దీ మోకు వదులవుతుంది. దానిని వెంటవెంటనే లాగి బిగించాలి. ఆలస్యమైతే పడవ గోడకు కొట్టుకుంటుంది. నా పని అంతే. అరచేతులు బొబ్బలెక్కినవి.

ఆ రాత్రి సరస్సులో ఒక పెద్ద పీపాకు పడవను కట్టివేశాము. చాగ్రెస్ నదికి ఆనకట్ట వేసి ఊళ్లనూ అడవినీ ముంచి చేసిన సరస్సది. ఒడ్డున కోతులు పులులవలె అరుస్తున్నవి. తక్కిన ముగ్గురూ నిద్రపోయారు.

"ఉత్తరంలో అబద్ధం వ్రాశానురా" అన్నాడు అన్నయ్య. "కంపెనీ అడ్డుపెట్టలేదు. కెప్టెను దిగిపొమ్మన్నాడు. నేనే దిగలేదు."

"ఎందుకు?"

"ఎంత తొందరపడినా మూడు నాలుగు రోజులు. వచ్చేసరికి నాన్న ఉండడు, అందరూ నా ముఖం చూస్తారు. ఓడలో పని ఉన్నదనుకుంటే తేలికగా ఉండింది." కొంతసేపు ఆగాడు. "సాయంకాలం నాలుగున్నరకు దహనమని తంతిలో ఉన్నది. ఇక్కడి గడియారం మనకంటె పదిన్నర గంటలు వెనుక. సరిగ్గా ఆ వేళకు నేను ఓడ వెనుకభాగాన నిలబడి ఉన్నాను. మొదటి లాకు తలుపు మూసిన సమయం పుస్తకంలో వ్రాశాను. ఉదయం ఆరు గంటల రెండు నిమిషాలు."

నాకు కోపం వచ్చింది. కాని ఎవరిమీదనో తేలలేదు. కంపెనీయే అడ్డుపెట్టిందని నమ్మి ఉంటే అన్నయ్యతో ఇన్నేళ్లు ముభావంగా ఎందుకున్నాను? అబద్ధమని నాకు మొదటినుంచీ తెలుసునేమో. అడిగితే చెప్పేవాడేమో. అడగకుండా ఉండటంలో నాకూ ఒక సుఖం ఉండింది.

మర్నాడు కులేబ్రా కొండ కోతగుండా సాగాము. ఫ్రెంచివారు ప్రారంభించి వదిలినప్పుడూ, 1904 తరువాత అమెరికన్లు తిరిగి త్రవ్వినప్పుడూ, ఈ కాలువకు వేలకువేల కూలీలు బలియైనారు. అమెరికన్ల లెక్కలోనే 5,609 మంది. అత్యధికులు బార్బడోస్ మొదలైన దీవులనుంచి వచ్చిన నల్లవారు. వారి ఇళ్లకు ఏ ఉత్తరాలు చేరినవో, అసలు చేరినవో లేదో.

దిగేటప్పుడు పని తారుమారవుతుంది. నీరు క్రిందికి పోతున్నకొద్దీ మోకును కొంచెం కొంచెంగా వదలాలి. మిరాఫ్లోరెస్ లాకులో నేను ఆలోచనలో పడి, చుట్టిన మోకును వదలటం మరచాను. అది బిగుసుకొని మూలిగింది. పడవ ఒక పక్కకు వ్రేలాడింది. "వదులు! వదలరా!" అని అన్నయ్య చుక్కాని వద్దనుంచి కేక వేశాడు. పక్కనున్న కుర్రవాడు దూకి చుట్టు విప్పాడు. పడవ దభాలున నీట పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అన్నయ్య నన్ను ఒక్క మాటైనా అనలేదు.

చివరి తలుపు తెరచుకొన్నది. పసిఫిక్ మహాసముద్రపు ఉప్పుగాలి ముఖాన కొట్టింది. ఇరుకుభూమి వంకరవల్ల ఆ కొన కరీబియన్ కొనకంటె తూర్పున ఉన్నదట. పడమటి సముద్రానికని బయలుదేరి మేము ఆగ్నేయంగా వచ్చాము. వంతెన దాటి లంగరు వేసిన తరువాత అన్నయ్య టైర్లు విప్పుతూ, నావైపు చూడకుండా అడిగాడు.

"నాన్న నన్ను అడిగాడా?"

"చివరి రెండు రోజులూ మాట లేదు."

"అంతకు ముందు?"

"రోజూ అడిగేవాడు, నీ ఓడ ఎక్కడున్నదని. బడినుంచి అట్లాసు తెచ్చి చూపించాను. ఆ పుటలో ఈ కాలువ గోరంత కూడా లేదు. దానిమీద వేలు ఉంచుకొనే నిద్రపోయేవాడు."

అన్నయ్య టైర్లు లెక్కపెట్టసాగాడు. పది అద్దెకు తెచ్చాము, తొమ్మిదే ఉన్నవి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.