మెట్టనేలలో సముద్రం

తిరువూరు మెట్టప్రాంతం. మామిడితోటలకూ, పత్తికీ, మిరపకూ పేరుపడిన నేల. 2022 వరకు కృష్ణా జిల్లాలోను, ఆ తరువాత ఎన్టీఆర్ జిల్లాలోను భాగమైన ఈ ఊరికి సముద్రం నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. ఇక్కడివారికి చేప అంటే చెరువు చేపే. బొచ్చె, శీలావతి, కొర్రమీను అన్నవి తప్ప వేరు పేర్లు సంతలో తరచుగా వినిపించవు. అటువంటి ఊళ్ళో ఒక ఇంటి ముందుగదిలో ఉప్పునీటి తొట్టిని నిలిపి, సముద్రపు చేపలను పెంచాలనుకోవడం కొందరికి వేడుకగాను, కొందరికి వెర్రిగాను తోచింది. విశాఖపట్నంలోని మత్స్యదర్శినిని చూచి వచ్చిన నాటి నుంచి మా అమ్మాయి ఆ కోరికను విడువలేదు. నేను ఆరునెలల పాటు పుస్తకాలు చదివి, తెలిసినవారిని అడిగి, ఆ తరువాతనే అంగీకరించాను. ప్రాణమున్న జీవిని దాని లోకం నుంచి మన లోకంలోకి తెచ్చుకొనే పని అది. వేడుకతో ఆరంభించి విసుగుతో విడిచిపెట్టడానికి వీలు లేదు.

గాజుతొట్టిలో సముద్రాన్ని నిలపాలన్న ఊహ కొత్తది కాదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జలచరాల కోసం ప్రత్యేక మందిరం వెలిసింది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త రాసిన గ్రంథంతో ‘అక్వేరియం’ అనే మాట లోకంలో స్థిరపడింది. మన దేశంలో 1909లో మద్రాసు మెరీనా తీరాన సముద్రజీవుల ప్రదర్శనశాల తెరుచుకొంది. ఆనాడు కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలోనిదే కనుక చెన్నపట్నం వెళ్ళిన మనవారికీ దానిని చూచే అవకాశం ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది మూతపడింది. మద్రాసు శాలకు సముద్రం వాకిట్లోనే ఉంది. లండన్‌కు లేదు. అక్కడికి నీటిని మోసుకొని పోవలసి వచ్చేది. ఆ బాధ తీరడానికే గాస్ తగిన లవణాలను మంచినీటిలో కలిపి కృత్రిమ సముద్రజలాన్ని తయారుచేసే పద్ధతిని చెప్పాడు. తిరువూరు పరిస్థితి మద్రాసు కంటే లండన్‌కే దగ్గర.

బందరు నుంచి నీరు తెచ్చుకోరాదా అని కొందరన్నారు. మంగినపూడి తీరంలో ఇసుకకు బదులు నల్లమట్టి ఉంటుంది. నీరు కలకబారి ఉంటుంది. పైగా కృష్ణా గోదావరులు కలిసే ఆ తీరాన వర్షాకాలంలో ఉప్పదనం తగ్గిపోతుంది. అందువల్ల నీటిని ఇంట్లోనే తయారుచేయడం మేలని నిశ్చయించాను.

తొట్టి ఎంత చిన్నదైతే పని అంత తేలిక అని సాధారణంగా అనుకొంటారు. నిజం దీనికి విరుద్ధం. నీరు తక్కువైన కొద్దీ ఎండకు త్వరగా వేడెక్కుతుంది, త్వరగా ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది, కొంచెం మలినానికే విషమవుతుంది. అందుచేత మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల తొట్టిని విజయవాడలో చేయించాను. రాళ్ళూ, పై ఖాళీ పోను అందులో సుమారు 110 లీటర్ల నీరు పడుతుంది. నీటి బరువే 110 కిలోలు దాటుతుంది కనుక దానిని కొయ్యబల్ల మీద కాక ఇనుప స్టాండు మీద నిలిపాము.

మా బోరునీరు కఠినజలం. కనుక వీధి చివరి శుద్ధజల కేంద్రం నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు తెప్పించి, అందులో కరిగి ఉన్న లవణాలు స్వల్పమేనని పరీక్షించి వాడాను. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ లెక్కన మాకు కావలసినవి దాదాపు నాలుగు కిలోలు. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్ర లవణాలలో వంద పాళ్ళకు ఎనభై అయిదు సోడియం, క్లోరైడులే అయినా, మిగిలిన పదిహేను పాళ్ళలోని మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం లేకపోతే అది సముద్రం కాదు. అన్నీ కలిసిన మిశ్రమం అక్వేరియం దుకాణాలలో దొరుకుతుంది.

మా ఎదురింటి పెద్దాయనకు ఊరి వెలుపల బంగినపల్లి తోట ఉంది. నేను డ్రమ్ములో లవణం కలుపుతూ ఉండగా ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

“ఏమిటి మాస్టారూ, మంచినీళ్ళు కొని మరీ ఉప్పు కలుపుతున్నారు?”

“సముద్రం చేస్తున్నాను బాబాయిగారూ!”

“మా బోర్లలో నీళ్ళు ఉప్పగా మారకూడదని మేము దేవుడికి మొక్కుకొంటాం. మీరేమో తియ్యటి నీళ్ళను చేజేతులా ఉప్పగా చేస్తున్నారు.”

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నేను నవ్వి ఊరుకొన్నాను.

ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో తేల్చలేము. దానికి రిఫ్రాక్టోమీటరు అనే చిన్న సాధనం ఉంది. లవణం పెరిగినకొద్దీ నీటిలో కాంతి ఎక్కువగా వంగుతుందన్న సూత్రంపై అది పనిచేస్తుంది. ఒక చుక్క నీటిని గాజుపలకపై వేసి, వెలుతురు వైపు తిప్పి కంటితో చూస్తే కొలత తెలుస్తుంది. ఈ విద్యను నాకు నేర్పినవాడు అక్వేరియం వ్యాపారి కాదు, కైకలూరు వైపు చెరువులు చేస్తున్న మా బంధువు. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి లభించిన తరువాత మన కోస్తా జిల్లాలలో వేలాది రైతులకు ఈ పరికరం కొడవలి వంటి పనిముట్టయింది. “సెలినిటీ చూశావా? అమ్మోనియా చూశావా?” అని వారు ఒకరినొకరు అడుగుకొంటారు. సముద్రజల రసాయనం మన పల్లెల్లో ఎందరికి కరతలామలకమో నాకు అప్పుడే తెలిసింది.

తరువాతి ఘట్టం నిరీక్షణ. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తుంది. సముద్రం విశాలమైనది కనుక అక్కడ అది చెదిరిపోతుంది. తొట్టిలో అదే చేపకు ప్రాణాంతకం. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగాను, మరొక జాతి నైట్రైటును అంత హాని లేని నైట్రేటుగాను మారుస్తాయి. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఈ జీవులను వేరుచేసి చూపాడు. పొలంలో నత్రజనిని పైరుకు అందించేవి కూడా ఇటువంటివే. ఇవి రాళ్ళ రంధ్రాలలోను, ఇసుకలోను స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపను తేకూడదు. చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చి, ఆ అమ్మోనియాతో వాటిని పోషించాలి.

“నీళ్ళున్నాయి, ఉప్పుంది, లైటు వెలుగుతోంది. చేప ఏది నాన్నా?” అని మా అమ్మాయి ప్రతి సాయంకాలం అడిగేది. రోజూ పరీక్ష చేసి అంకెలను గోడమీది క్యాలెండరుపై రాసే పని తనకే అప్పగించాను. మూడవ వారంలో నైట్రైటు పెరిగింది. ముప్పై ఎనిమిదవ నాటికి అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరాయి.

రాళ్ళ విషయం కొంత చెప్పాలి. విదేశాలలో ఈ తొట్లలో పగడపు దిబ్బల నుంచి తీసిన రాళ్ళను పరుస్తారు. మన దేశంలో 2001లో పగడాలను, సముద్రాశ్వాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఎవరు రహస్యంగా అమ్మజూపినా వాటిని ముట్టుకోరాదు. నేను రంధ్రాలుగల పింగాణీ దిమ్మెలను వాడి, వాటికింద ఆధారంగా జగ్గయ్యపేట వైపు సున్నపురాతి పలకలను పెట్టాను. పల్నాటి నుంచి జగ్గయ్యపేట దాకా పరచుకొన్న ఆ సున్నపురాయి కోట్లాది సంవత్సరాల క్రితం లోతులేని సముద్రపు అడుగున పేరుకొన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. నేడు సిమెంటు కర్మాగారాలకు పోతున్న రాయి మా ఇంట మళ్ళీ ఉప్పునీటిలో మునిగింది.

2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చిత్రం తరువాత నారింజరంగుపై తెల్లని పట్టీలుగల క్లౌన్ చేపను ఎరుగని పిల్లలు అరుదు. తన తండ్రి నుంచి వేరుచేసి తొట్టిలో బంధించిన చేపపిల్ల కథ అది. ఆ కథ చూచి కన్నీరు పెట్టిన పిల్లలే ఆ చేపను కొనిమ్మని అడగడం విచిత్రం. సముద్రపు అలంకార చేపలలో అధికభాగం నేటికీ కడలి నుంచి పట్టి తెచ్చినవే. కొన్ని దేశాలలో వాటిని మత్తెక్కించడానికి పగడపు దిబ్బలపై సైనైడు చల్లిన చరిత్ర ఉంది. అయితే క్లౌన్ చేప తొట్లలోనే గుడ్లు పెట్టి పిల్లలు చేయగల జాతి. కేరళలోని విళింజంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీనిని సాధించారు. నేను హేచరీలో పుట్టిన పిల్లలనే తీసుకొంటానని పట్టుబట్టి, రెండు నెలలు ఆగి, రెండింటిని తెప్పించాను. ఈ చేప పదేళ్ళకు మించి బతుకుతుంది. అప్పటికి మా అమ్మాయి చదువు ముగించి ఎక్కడ ఉంటుందో!

సముద్రపు చేప శరీరంలోని ద్రవం చుట్టూ ఉన్న నీటికంటే పలుచన. అందువల్ల నీరు దాని దేహం నుంచి ఎడతెగక బయటకు పోతుంది. ఆ లోటును పూరించడానికి అది సముద్రాన్ని తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా వెళ్ళగక్కుతుంది. ఈ తూకం హఠాత్తుగా మారరాదు. అందుకే సన్నని గొట్టంతో చుక్కచుక్కగా మా నీటిని వాటి సంచిలోకి వదిలి, గంట తరువాత తొట్టిలోకి విడిచాము.

వేసవిలో మా ఊరి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. తొట్టి నీరు ముప్పై దాటకూడదు. నీటిపైకి గాలి తగిలేలా ఫ్యాను పెడితే ఆవిరి అవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తేమతో నిండిన తీరంలో కంటె పొడి గాలి వీచే మా మెట్టలోనే ఈ ఉపాయం బాగా పారుతుంది. ఆవిరైనది నీరే, ఉప్పు కాదు. కనుక తగ్గినంత మేరకు మంచినీటినే పోయాలి.

మొదటి మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. వేడి భయం లేదు, వాన చల్లబరచింది. భయమంతా ప్రాణవాయువు గురించే. ఉప్పునీటిలో అది మంచినీటి కంటె తక్కువగా కరుగుతుంది. కదలిక లేని తొట్టిలో త్వరగా తరిగిపోతుంది. బ్యాటరీ పంపు మూడు గంటలు పనిచేసి ఆగింది. ఇక మగ్గుతో నీరు ముంచి, మూరెడు ఎత్తు నుంచి ధారగా పోయడం ఒక్కటే మార్గం. నేనూ, నా భార్యా వంతులవారీగా పోస్తూ ఉండగా ఎదురింటి పెద్దాయన టార్చిలైటుతో వచ్చారు. ఆ గాలికి ఆయన తోటలో కాయ ఎంత రాలిందో ఊహించుకోవచ్చు.

“తోటకు వెళ్ళలేదా బాబాయిగారూ?”

“కాయలు తెల్లారితే గాని లెక్క తేలదు మాస్టారూ. ఇవి తెల్లారేదాకా ఆగవు కదా! ఇలా ఇవ్వండి మగ్గు.”

ఆరు గంటలకు కరెంటు వచ్చింది. ఆయన చేతులు తుడుచుకొని తోటకు వెళ్ళారు. కోతకు సిద్ధమైన కాయలో సగం నేలపాలైంది. రాలిన కాయకు పచ్చళ్ళ వ్యాపారులు ఇచ్చే ధర అందరికీ తెలిసినదే. ఆ మధ్యాహ్నం నేనూ, మా అమ్మాయీ తోటకు వెళ్ళి చీకటిపడే దాకా గంపలకెత్తాము.

ఇప్పుడు ఆ రెండు చేపలలో ఒకటి పెద్దదైంది. ఈ జాతిలో అన్నీ మగవిగానే ఎదుగుతాయి. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ప్రతి ఆదివారం పదిహేను లీటర్ల నీటిని మారుస్తాము. తీసిన నీటిలో అరకిలో పైగా ఉప్పుంటుంది కనుక మొక్కలకు పోయరాదు. మురుగు కాలువలో పారబోస్తాము. ఏడాదికొకసారి మాత్రం ఒక బకెట్టు కొబ్బరిచెట్టుకు పోయమని పెద్దాయన అనుమతి ఇచ్చారు. మామిడి వైపు ఆ బకెట్టుతో అడుగు వేయనివ్వరు.